గట్టును పట్టుకున్న పొదలు

పిల్లలూ, కాలవ గట్టు మీద నడిచేటప్పుడు మీకెప్పుడైనా ఈ సందేహం కలిగిందా? గట్టు మట్టితో కట్టినది. మట్టిబెడ్డను చెంబెడు నీళ్ళలో వేసి చూడండి, కాసేపటికి కరిగి బురద అవుతుంది. కాలవలో నీళ్ళు రాత్రింబవళ్ళు గట్టును ఒరుసుకుంటూ పారుతూనే ఉంటాయి. మరి అంత పొడుగు మట్టిగట్టు ఏళ్ళ తరబడి కరగకుండా ఎట్లా నిలిచి ఉన్నది?

దీనికి జవాబు గట్టు లోపల ఉన్నది. అక్కడ వేళ్ళున్నాయి. అవి మట్టిని దారాలతో కుట్టినట్టు కుట్టి పట్టుకుంటాయి. ఆ వేళ్ళు ఎవరివో తెలుసుకోవటానికి మనం ఒక చిన్న ప్రయాణం చేద్దాం. తెనాలిలో బయలుదేరి రైల్లో బాపట్ల వెళదాం. అక్కడినుంచి సముద్రపు ఒడ్డు పక్కగా నిజాంపట్నం చూచుకుని రేపల్లె చేరదాం. రేపల్లెలో మళ్ళీ రైలెక్కితే తెనాలి వచ్చేస్తాం. పటం మీద గీస్తే ఈ దారి ముక్కోణంగా ఉంటుంది. ఇందులో మనకు మూడు రకాల నేలలు, మూడు రకాల పొదలు తగులుతాయి. వాటి పేర్లు వావిలి, మొగలి, మడ.

తెనాలి కాలవలు

తెనాలి పట్నంలోనుంచి మూడు కాలవలు పారుతున్నాయి. మూడింటిలోనూ ఉన్నవి కృష్ణ నీళ్ళే. ఈ కాలవలు లేని రోజుల్లో ఇక్కడి జనం ఎన్ని బాధలు పడ్డారో చెప్పనలవి కాదు. 1832, 33 సంవత్సరాల్లో గుంటూరు సీమకు వచ్చిన కరువును "డొక్కల కరువు" అన్నారు. తిండి లేక మనుషుల డొక్కలు బయటపడి, ఊళ్ళకు ఊళ్ళు పాడుబడ్డాయి. ఆ తరువాత బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని సర్ ఆర్థర్ కాటన్ మొదలైన వారు పట్టుబట్టారు. 1852లో పని మొదలై 1855లో ఆనకట్ట పూర్తి అయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడినుంచి పెద్ద కాలవ, దానినుంచి పిల్ల కాలవలు, వాటినుంచి బోదెలు చీలి, చెట్టు కొమ్మల మాదిరిగా డెల్టా అంతటా వ్యాపించాయి.

అంటే ఇక్కడి అన్నం ముద్ద మట్టిగట్ల మీద ఆధారపడి ఉన్నదన్న మాట. ఒకచోట గట్టు తెగితే ఆ పక్కన ఉన్న చేలు మునిగిపోతాయి, కింద ఉన్న చేలు ఎండిపోతాయి.

గట్టు ఎట్లా తెగుతుందో చూడాలంటే ఎండాకాలంలో కాలవ కట్టేసినప్పుడు వెళ్ళాలి. అప్పుడు గట్టు అడుగుభాగం బయటపడుతుంది. కాలవ మలుపు తిరిగే చోట బయటివైపు గట్టును గమనించండి. నీటి జోరు అక్కడే ఎక్కువ. నీరు ముందు గట్టు పాదాన్ని తవ్వుతుంది. పాదం కింద గుల్ల అవుతుంది. కొన్నాళ్ళకు పై మట్టి తన బరువుకు తానే జారి కాలవలో పడుతుంది. ఆ పక్కనే గడ్డీ, పొదలూ దట్టంగా ఉన్నచోట మట్టి చెక్కుచెదరకుండా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే వేళ్ళు వలలాగా అల్లుకుని కనిపిస్తాయి.

మంచినీటి గట్లకు ఎంతో ఉపకారం చేసే పొద వావిలి. దీనిని మీ ఇంట్లో పెద్దవాళ్ళు బాగా ఎరుగుదురు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతలకు స్నానం చేయిస్తారు. పురుగు పట్టకుండా ధాన్యంలో ఈ ఆకు వేస్తారు. ఒక్కొక్క కాడకు మూడుగాని, అయిదుగాని చిన్న ఆకులుంటాయి. వాటి అడుగుభాగం బూడిదరంగుగా ఉంటుంది. నలిపితే ఘాటుగా వాసన వేస్తుంది. ఆ వాసన వల్లనే కాబోలు, పశువులు దీని జోలికి అంతగా పోవు. కొమ్మల చివర లేత ఊదారంగు పూలు గుత్తులుగా పూస్తాయి. వాటికోసం తేనెటీగలూ, సీతాకోకచిలుకలూ వచ్చి మూగుతాయి. పొద కింద చల్లని నీడలో కప్పలు దాక్కుంటాయి. నీటికోళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని తిరుగుతాయి.

వావిలిని పెంచటం చాలా సులభం. వానలు మొదలుకాగానే బొటనవేలు లావున్న ముదురు కొమ్మను జానెడున్నర పొడుగు ముక్కలుగా కోయండి. కొమ్మకు ఏ కొస కిందిదో, ఏ కొస పైదో మరిచిపోవద్దు. కింది కొసను ఏటవాలుగా కోస్తే గుర్తు ఉంటుంది. మూడింట రెండువంతులు మట్టిలో దిగేటట్టు, రెండేసి అడుగుల ఎడంగా గుచ్చండి. మట్టి తడి ఆరకుండా చూస్తే కొద్ది వారాల్లో చిగురు వేస్తుంది. అయితే పెద్ద కాలవ గట్లు ప్రభుత్వానివి. వాటి మీద ఏది నాటాలన్నా ముందు కాలవ అధికారులను అడగాలి. నీటికి అడ్డం వచ్చేచోట నాటకూడదు. మీ పొలం బోదె గట్టూ, బడి దగ్గర చెరువు గట్టూ మీకు మంచి చోట్లు. పెద్దవాళ్ళను తోడు పెట్టుకుని వెళ్ళండి.

గట్టు మీద కనిపించే ప్రతి పచ్చని మొక్కా మనకు మేలు చేస్తుందనుకోవద్దు. లేత ఊదాపూలు పూచే లొట్టపీసును చూడండి. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. గుర్రపుడెక్క కూడా అక్కడిదే. ఇక్కడ వాటిని తిని అదుపులో ఉంచే జీవులు లేకపోవటంతో రెండూ విచ్చలవిడిగా పెరిగి కాలవలను పూడ్చేస్తున్నాయి. ఒకటి గట్టునుంచి నీళ్ళలోకి చొచ్చుకు వస్తుంది, రెండవది నీటిమీదనే చాప పరుస్తుంది. నీరు ముందుకు పోలేక గట్టు మీదికి ఎక్కుతుంది. అందుచేత మన నేలలో పుట్టి పెరిగి, ఇక్కడి పురుగులకూ పిట్టలకూ అలవాటైన పొదను ఎంచుకోవటమే మేలు.

ఇంట్లో చేసి చూడండి

వేళ్ళ బలం కళ్ళారా చూడాలంటే రెండు పాత పళ్ళేలు తీసుకోండి. రెండింటిలోనూ ఒకే మట్టి, ఒకే మందాన నింపండి. ఒకదానిలో రాగులు దట్టంగా చల్లండి. రెండింటికీ రోజూ సమానంగా నీళ్ళు చిలకరించండి. పది పదిహేను రోజులకు రాగి మొలకలు పచ్చగా లేస్తాయి. అప్పుడు పళ్ళేలను ఒక వైపు ఎత్తి ఏటవాలుగా పెట్టి, పైనుంచి ఒక్కొక్క గ్లాసెడు నీళ్ళు పోయండి. కిందికి జారిన నీటిని వేరువేరు గిన్నెల్లో పట్టండి. ఏ గిన్నెలో నీళ్ళు చిక్కగా, ఎర్రగా ఉన్నాయో, ఏ గిన్నెలో తేటగా ఉన్నాయో మీరే చూచి, మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చూపించండి.

బాపట్ల ఇసుక

తెనాలి నుంచి మద్రాసు వైపు పోయే రైలు నిడుబ్రోలు దాటి బాపట్ల చేరుతుంది. బాపట్లలో పేరుపొందిన భావనారాయణస్వామి ఆలయం ఉన్నది. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల కూడా ఇక్కడే ఉన్నది. ఉప్పు పట్టిన నేలల్లో ఏ పంట పండుతుంది, ఉప్పునీటిని సేద్యానికి ఎట్లా వాడవచ్చు అనే విషయాల మీద ఈ ఊళ్ళో పరిశోధన సాగుతున్నది. దీన్నిబట్టే మనం సముద్రానికి దగ్గర పడ్డామని తెలుస్తుంది.

ఈ వైపు వచ్చే కృష్ణ కాలవను కొమ్మమూరు కాలవ అంటారు. అది పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవతో కలుస్తుంది. రైళ్ళూ లారీలూ రాకముందు ఈ నీటిదారి వెంట పడవలు ధాన్యమూ, ఉప్పూ వేసుకుని మద్రాసుదాకా పోయేవి.

బాపట్ల నుంచి సూర్యలంక తీరానికి పోతుంటే నల్లమట్టి పోయి ఇసుక వస్తుంది. ఇసుక గట్టును నిలబెట్టటం మట్టిగట్టుకన్న కష్టం. నీరు తాకితే జారుతుంది, గాలి వీస్తే ఎగురుతుంది. వావిలికి ఇక్కడ బలం చాలదు. ఇటువంటి చోట మన కోస్తాలో పూర్వంనుంచి కాపలా కాస్తున్న పొద మొగలి.

మొగలి ఆకులు కత్తుల్లాగా పొడుగ్గా ఉంటాయి. ఆకు రెండు అంచుల మీదా, అడుగున నడిమి ఈనె మీదా ముళ్ళు వరుసగా ఉంటాయి. అందువల్ల పశువులు దాని జోలికి పోవు. దీని విశేషం వేళ్ళలో ఉన్నది. కాండం నుంచి లావుపాటి వేళ్ళు గాలిలోకి బయలుదేరి, వాలుగా వచ్చి నేలలో దిగుతాయి. పందిరికి గుంజలు పాతినట్టు ఉంటుంది. ఆ గుంజల మధ్య ఇసుక చిక్కుకుని కదలకుండా నిలుస్తుంది. మొగలిలో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. అమ్మాయిలు జడలో తురుముకునే సువాసన గల మొగలిరేకులు మగ మొక్కవి. ఆడ మొక్కకు అనాస పండు ఆకారంలో కాయ కాస్తుంది. మొగలి పొదలో పాములుంటాయని పెద్దవాళ్ళు చెబుతారు. దట్టమైన చల్లని పొదలో ఎలుకలూ, కప్పలూ చేరతాయి. వాటికోసం పాములు రావటంలో వింత ఏమున్నది? కాబట్టి పొదలో చెయ్యి పెట్టవద్దు.

తీరం వెంట వరుసగా నాటిన సరుగుడు చెట్లు కూడా గాలిని అడ్డుకుంటాయి. కాని సరుగుడు ఇక్కడికి బయటినుంచి తెచ్చి నాటిన చెట్టు. దాని తోటలో అడుగున రాలిన పుల్లలు దట్టంగా పేరుకుని, వేరే మొక్కలు అంతగా మొలవవు. పొదల్లో ఉండే జీవులకు అక్కడ చోటు తక్కువ.

ఈ తీరానికి కాపలా అవసరమెంతో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ అనే తీవ్ర తుఫాను బాపట్లకు దగ్గరలోనే తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది. కోతకు వచ్చిన వరిచేలు నీట మునిగాయి.

రేపల్లె పర్రలు

ఇక మన ప్రయాణంలో అన్నిటికన్న వింతైన చోటికి వచ్చాం. బాపట్ల నుంచి తూర్పుగా వెళితే నిజాంపట్నం వస్తుంది. ఇప్పుడు అక్కడ చేపల రేవు ఉన్నది. ఇది చాలా పాత రేవు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి "గ్లోబ్" అనే ఓడ ఇక్కడికి వచ్చింది. అప్పుడు విదేశీయులు ఈ ఊరిని పేటపోలి అనేవారు. నిజాంపట్నానికి పైన రేపల్లె ఉన్నది. రేపల్లెకు తూర్పున కృష్ణ పాయ, ఆ పాయకు అవతల దివిసీమ. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరింది. తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

ఇక్కడ నీరు రోజుకు రెండుసార్లు పైకి వస్తుంది, రెండుసార్లు వెనక్కి పోతుంది. పైకి రావటం పోటు, వెనక్కి పోవటం ఆటు. పోటు సమయంలో సముద్రపు నీరు పాయల్లోకి ఎదురెక్కి, పర్ర నేలలను ముంచుతుంది. పర్ర అంటే ఉప్పునీరు వచ్చి పోయే పల్లపు నేల. ఆ బురదలో వావిలి నాటితే వారం బతకదు. వరి అసలే మొలవదు. కాని మడ బతుకుతుంది!

మడ ఉప్పునీటిలో ఎట్లా బతుకుతుంది? దాని ఆకులలో ఉప్పును బయటికి నెట్టే సన్నని గ్రంథులున్నాయి. ఎండవేళ తెల్లమడ ఆకును చూస్తే దానిమీద ఉప్పు పలుకులు తళతళ మెరుస్తాయి. ఇంకొక ఇబ్బంది ఉన్నది. బురదలో గాలి ఉండదు, వేళ్ళకు ఊపిరి ఆడదు. అందుకని మడ తన వేళ్ళను పెన్సిళ్ళ మాదిరిగా బురదలోనుంచి నిటారుగా పైకి పంపుతుంది. ఒక్కొక్క చెట్టు చుట్టూ ఇటువంటి శ్వాసవేళ్ళు వందలూ వేలూ లేస్తాయి. నీరు తీసినప్పుడు అవి గాలి పీల్చుకుంటాయి. నీరు వచ్చినప్పుడు దాని జోరును అణుస్తాయి. జోరు తగ్గిన నీటిలోని ఒండ్రు అక్కడే దిగిపోతుంది. అందువల్ల మడ గట్టును కాపాడటమే కాక, గట్టుకు మట్టిని కూడా చేరుస్తుంది.

మడ విత్తనం కూడా చిత్రమైనదే. మామూలు విత్తనం నేలపడిన తరువాత మొలుస్తుంది. మడ విత్తనం చెట్టు మీద ఉండగానే లోపల మొలకెత్తి, సిద్ధంగా ఉంటుంది. నీళ్ళలో రాలి, తేలుతూ పోయి, మెత్తని బురద తగలగానే వేరు దింపుతుంది. ఆలస్యం చేస్తే తరువాతి పోటు దానిని ఎత్తుకుపోతుంది గదా!

మడ అడవిలో తెల్లమడ, నల్లమడ, తిల్ల, గుగ్గిలం, ఉప్పుపొన్న వంటి చెట్లూ పొదలూ కలిసి పెరుగుతాయి. తిల్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దాని పాలు కంట్లో పడితే కన్ను దెబ్బ తింటుంది. తెలియని ఆకును తుంచటమూ, నోట పెట్టటమూ ఎక్కడా చెయ్యవద్దు.

రాలిన మడ ఆకు బురదలో కుళ్ళుతుంది. దానిని సూక్ష్మజీవులూ, చిన్న పురుగులూ తింటాయి. వాటిని రొయ్యపిల్లలూ, చేపపిల్లలూ తింటాయి. సముద్రంలో పుట్టిన టైగరు రొయ్య పిల్లలు ఈ పాయల్లోకి వచ్చి, వేళ్ళ మధ్య దాగి పెద్దవి అవుతాయి. మండపీతలు బురదలో బొరియలు చేసుకుంటాయి. ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి పెద్దదిగా ఉన్న బుల్లి పీతలు ఆ పెద్ద చెయ్యి ఊపుతూ తిరుగుతాయి. నీళ్ళు విడిచి బురదలో గెంతే చేపలు కూడా ఉన్నాయి! వీటికోసం కొంగలూ, లకుముకి పిట్టలూ వస్తాయి. కృష్ణ ముఖద్వారం దగ్గరి అభయారణ్యంలో బావురుపిల్లి కూడా ఉన్నది. ఇది మన ఇంటి పిల్లికన్న బాగా పెద్దది, నీళ్ళలో దిగి చేపలు పట్టుకుంటుంది. తీరంలోని పల్లెకారులూ, యానాదులూ ఈ పాయల్లో చేపలూ పీతలూ పట్టుకుని బతుకుతున్నారు. మడ పోతే బావురుపిల్లికీ కూడు లేదు, వీరికీ కూడు లేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనను ఈ సీమవారు ఎన్నటికీ మరువలేరు. దివిసీమలో సముద్రం ఊళ్ళ మీదికి నడిచి వచ్చింది. సుమారు పదివేలమంది చనిపోయారు. మడ తుఫానును ఆపలేదు. కాని అల జోరును తగ్గిస్తుంది. 1999 అక్టోబరులో ఒడిశాను పెనుతుఫాను కొట్టింది. ఆ తరువాత పరిశోధకులు కేంద్రపడా జిల్లాలోని ఊళ్ళ లెక్కలు తీసి చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే, ఆ ఊళ్ళో ప్రాణనష్టం అంత తక్కువగా ఉన్నదని తేలింది. ముందుగా హెచ్చరిక అంది కదిలిపోయిన ఊళ్ళలో ఇంకా చాలామంది బతికారు. అంటే మనిషి జాగ్రత్త, మడ అడ్డు రెండూ కావాలి.

చేపముల్లు కాలవలు

ఇంత మేలు చేసే మడను మనుషులు వంటచెరకు కోసం కొట్టారు. ఆ తరువాత రొయ్యల చెరువుల కోసం కొట్టారు. 1996లో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో రొయ్యల చెరువుల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. కాని పోయిన అడవి తిరిగి రావాలి గదా!

మొక్కలు నాటితే సరిపోతుందని మీరనుకోవచ్చు. కాని చాలాచోట్ల నాటిన మొక్కలు చచ్చిపోయాయి. కారణం ఏమిటంటే, అడవి కొట్టిన చోట ఎండ తగిలి నేల ఎండి, పళ్ళెంలాగా కుంగింది. పోటునీరు అందులోకి వచ్చి, తిరిగి పోలేక నిలిచిపోయింది. ఎండకు నీరు ఆవిరి అయింది, ఉప్పు మిగిలింది. ఇట్లా ఏటేటా ఉప్పు పేరుకుని, ఉప్పునేలలో పుట్టిన మడకు కూడా భరించలేనంత అయింది.

అప్పుడు తమిళనాడులోనూ, తరువాత మన కృష్ణా గోదావరి ముఖద్వారాల్లోనూ, అటవీశాఖవారూ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారూ, తీర గ్రామాలవారూ కలిసి ఒక ఉపాయం అమలు చేశారు. పాయనుంచి లోపలికి ఒక పెద్ద కాలవ తవ్వారు. దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు తవ్వారు. పైనుంచి చూస్తే చేపముల్లులాగా ఉంటుంది. ఇక పోటునీరు లోపలికి వస్తుంది, ఆటుకు బయటికి పోతుంది, పోతూ పోతూ పేరుకున్న ఉప్పును కడుక్కుపోతుంది. కాలవల ఒడ్డు వాలు మీద మడ విత్తనాలూ, నర్సరీలో పెంచిన మొక్కలూ నాటారు. పశువులు మేయకుండా చూశారు. కాలవల్లో ఒండ్రు పూడితే మళ్ళీ తీశారు. చవిటిపర్రగా మారిన చోట్ల కొన్నేళ్ళలో పచ్చదనం వచ్చింది. పచ్చదనం వెనుక పీతలూ, పీతల వెనుక పిట్టలూ వచ్చాయి.

ఇందులో ఉన్న పాఠాన్ని గట్టిగా పట్టుకోండి. ముందు నీటి నడక తెలుసుకోవాలి, తరువాత మొక్క నాటాలి. నీరు మంచిదా, ఉప్పుదా? నిలుస్తుందా, పారుతుందా? నేల మట్టా, ఇసుకా, బురదా? ఇవి తెలుసుకోకుండా నాటిన మొక్క వెయ్యి ఉన్నా ఒక్కటే. తెలుసుకుని నాటిన మొక్క ఒక్కటి ఉన్నా, అది తన పిల్లలను తానే పెంచుకుంటుంది.

మీరు రేపల్లె నుంచి తెనాలి పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా వరిచేలూ, కాలవ గట్లూ కనిపిస్తాయి. వాటిలో ఏ గట్టు బోసిగా ఉన్నదో, ఏ గట్టు మీద పొద ఉన్నదో లెక్కపెట్టండి. ఈసారి వానలు పడగానే మీ బోదె గట్టు మీద పది వావిలి కొమ్మలు గుచ్చండి. వచ్చే ఏడు వాటి పూల మీద మొదటి తేనెటీగ వాలిన రోజును మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి.